మాయాపట్నంలో అమ్మ ఇల్లు: ఉన్న నాలుగు లక్షలు రాళ్ళ మీద పెట్టాలా, లోపల స్థలం మీద పెట్టాలా?

మాయాపట్నం ఆడపడుచు

నమస్తే అండి. మాది కాకినాడ జిల్లా, ఉప్పాడ దగ్గర మాయాపట్నం. నేను హైదరాబాద్‌లో జీడిమెట్ల వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో పని చేస్తున్నాను. నాన్న పోయాక అమ్మ, తమ్ముడు, మరదలు, పిల్లలిద్దరూ ఊళ్ళోనే ఉంటున్నారు. తమ్ముడు ఫైబర్ బోటు మీద వేటకి వెళ్తాడు.

నాన్న కట్టించిన రెండు గదుల డాబా మాది. నా పెళ్ళి నాటికి ఇంటికి ముందు ఇంకా రెండు వరసల ఇళ్ళుండేవి. వాటి ముందు బోట్లు లాక్కునే ఇసుక, పక్కన సరుగుడు చెట్లు. ఇప్పుడు మాదే ముందు వరస. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు అరుగు, దాని మీది రేకుల పంచ పోయాయి. మెట్లు కింద ఆధారం లేకుండా గుమ్మాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. ఒడ్డు కోసుకుపోయిన చోట కిందికి దిగి చూస్తే మా ఇల్లు దేని మీద నిలబడిందో పొరలు పొరలుగా కనబడుతుంది. పైన నాన్న తోలించిన ఎర్రమట్టి, దాని కింద ఇసుక, ఇసుకలో ఎవరిదో పాత నైలాన్ వల ముక్క, ఇంకా కింద మాకంటే ముందు అక్కడ కాపురం ఉన్నవాళ్ళ ఇంటి ఇటుకలు. మరుగుదొడ్డి ఒరలు సగం బయటికి వచ్చేశాయి. అమావాస్యకీ పున్నానికీ పోటు నీళ్ళు వాటిలోకి వచ్చి పోతుంటే ఆ వాసనలోనే పిల్లలు పడుకుంటున్నారు.

నా చీటీ డబ్బు, మరదలు డ్వాక్రాలో తీసుకున్నది కలిపి నాలుగు లక్షల దాకా ఉంది. తమ్ముడు క్వారీ నుంచి లారీలతో నల్లరాయి తోలించి ఇంటి ముందు పేర్చి, వెనక కాంక్రీటు గోడ కట్టిద్దామంటాడు. నేను కొత్తపల్లి వైపు ఎక్కడైనా చిన్న స్థలం కొందామంటాను. అమ్మ ఒప్పుకోవడం లేదు. తెల్లారుజామున బోట్లు ఒడ్డుకి రాగానే వేలంపాటలో చేపలు కొని, బుట్టకెత్తుకుని అమ్మితేనే ఆవిడ చేతిలో డబ్బు ఆడేది. "లోపలికి పోతే రోజూ ఆటో వాడికి ఇవ్వడానికే సరిపోద్ది" అంటుంది. అది కొట్టిపారేసే మాట కాదు.

మా ఇంట్లో గొడవ మీ ముందు పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంటి ముందు రాళ్ళు వేస్తే నిజంగా ఆగుతుందా? పక్కనున్న కాకినాడకి లేని కోత మాకే ఎందుకు? ఇల్లు సముద్రంలో కలిసిపోతే ప్రభుత్వం లెక్కలో అదేమవుతుంది? ఇలాగే ఊరు వదిలి లోపలికి పోయినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ బతుకు ఎలా ఉందో దాచుకోకుండా రాయండి.

ఉప్పాడ గుంటమగ్గం

అమ్మాయ్, మాది ఉప్పాడే. మగ్గం పని. జాందానీ నేసేవాళ్ళం.

కెరటం కొట్టిన ఇల్లే పోతుందని అందరూ అనుకుంటారు. మా ఇల్లు ఒడ్డుకి కాస్త దూరం. అయినా పెద్ద పోటున్న రోజుల్లో మగ్గం గుంటలో అడుగున నీరు ఊరుతుంది. కాళ్ళు గుంటలో పెట్టుకుని తొక్కుతూ నెయ్యాలి కదా, ఆ ఉప్పునీటి చెమ్మ పట్టు పోగుకి పట్టిందంటే చీర సంగతి అంతే. జాందానీకి ఇద్దరు పక్కపక్కన కూర్చుని బుటా ఎక్కించాలి. ఒకరికి చెమ్మ సోకి కాళ్ళు పగిలితే రెండో మనిషికీ పని ఆగిపోతుంది. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ గుర్తింపులో మగ్గం కింద నేల ఉంటుందో ఉండదో ఎవరూ రాయలేదు.

నీకు ముఖ్యంగా చెప్పాల్సింది కాగితాల గురించి. మా వీధిలో ఒకాయన ఇల్లు తుపాను లేని రోజున, ఎండ కాస్తుండగా, పున్నమి పోటుకి పడిపోయింది. పరిహారానికి వెళ్తే "ఏ తుపానులో పోయింది?" అని అడిగారు. ఏ తుపానులోనూ పోలేదు. ఆ గడి ఖాళీగా ఉండిపోయింది, ఆయన కాగితం కూడా అక్కడే ఉండిపోయింది. పైగా ఇల్లు పోయాక, అక్కడ ఇల్లుండేదని రుజువు చేసుకోవడం ఇంకో నరకం. చుట్టూ చూపించడానికి నేలే లేదు కదా.

అందుకని రేపే మొదలుపెట్టు. అమ్మ పేరున ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లు, పట్టా ఉంటే పట్టా, రేషన్ కార్డు, అన్నీ ఫోటోలు తీసి నీ దగ్గర హైదరాబాద్‌లో పెట్టుకో. అసలు కాగితాలు ఆ ఇంట్లో ఉంచకు. 2020లో నివర్ తుపాను తర్వాత మా ఒడ్డున బంగారం రవ్వలు దొరుకుతున్నాయని జనం దువ్వెనలతో ఇసుక గీరిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అది ఎక్కడిది? పాత గుళ్ళు, పాత ఇళ్ళు మునిగినప్పుడు పోయిందేనని మా పెద్దవాళ్ళు చెబుతారు. టీవీలవాళ్ళకి అది వింత. మాకు అది ఎవరో పునాదిలో దాచుకున్న సొత్తు.

రిటైరైన నీటిపారుదల ఉద్యోగి

అమ్మా, నేను ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. తీరం పనులు దగ్గర నుంచి చూసినవాణ్ణి. నీ ప్రశ్నల్లో మొదటి రెండూ ఒకదానికొకటి ముడిపడినవి, కాస్త ఓపిగ్గా చదువు.

ఒడ్డున ఇసుక ఒకచోట ఉండేది కాదు. మన తీరంలో నైరుతి గాలులున్న నెలల్లో కెరటాలు ఒడ్డుకి ఏటవాలుగా తగిలి ఇసుకని ఉత్తరం వైపు తోసుకుపోతాయి. ఈశాన్య గాలుల్లో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఒడ్డు ఇసుక చేతి ఖర్చు డబ్బులాంటిది. రోజూ వస్తుంటే రోజూ పోతున్నా తెలియదు. రావడం ఆగితేనే తెలుస్తుంది.

రావడం ఎందుకు తగ్గింది? మన ఒడ్డుకి ఇసుక పెట్టేది గోదావరి. పైన మహారాష్ట్ర నుంచి కింద దాకా ఆనకట్టలు వచ్చాక ఒండ్రు జలాశయాల్లోనే దిగిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్క కట్టారు. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది, 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. డెల్టా ముందు భాగమే కోతకి గురవుతోందని వాళ్ళు అప్పుడే రాశారు.

ఇక కాకినాడకి లేనిది మీకెందుకంటే, మధ్యలో హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి ఇసుకతోనే గత రెండు వందల ఏళ్ళలో పెరిగిన దీవి, పొడవు సుమారు 16 కిలోమీటర్లు. కాకినాడ ఊరినీ రేవునీ పెద్ద కెరటాల నుంచి కాపాడుతున్నది అదే. అదే దీవి వల్ల మీకు రెండు నష్టాలు. ఒడ్డు వెంట మీ దాకా రావలసిన ఇసుక దీవి కొస దగ్గరా, కాకినాడ బేలోనూ దిగిపోతుంది. దీవిని దాటిన కెరటాలు ఒంపు తిరిగి ఉప్పాడ వైపు బలం కూడగట్టుకుంటాయి. ఓడలు రావడానికి కాలువ తవ్వుతారు, ఆ తవ్విన ఇసుక మీ ఒడ్డుకి చేరే ఏర్పాటు లేదు. విశాఖలో అవుటర్ హార్బర్ కట్టాక ఆర్కే బీచ్ కరిగిపోతుంటే, రేవు దగ్గర తవ్విన ఇసుకని పైపులతో బీచ్ మీద పోస్తూ వస్తున్నారు. పద్ధతి తెలియక కాదు. నగరం ముందు బీచ్‌కి చేసేది పల్లెకారుల ఊరికి చెయ్యరు. నా ఉద్యోగమంతా ఈ తేడా చూస్తూనే గడిచింది, చెప్పుకోవడానికి ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రాష్ట్రంలో తీరమంతా పోతోందని కూడా అనుకోకు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా కొలిస్తే దేశం తీరంలో మూడోవంతు కోతలో ఉందని తేలింది. మన రాష్ట్రంలో అది 29 శాతం దాకా. దాదాపు సగం తీరం పెరిగింది కూడా. పోతున్నచోట మాత్రం ఆగకుండా పోతోంది, మీరు ఆ ముక్కలో పడ్డారు.

ఇప్పుడు రాళ్ళ సంగతి. మీ ఒక్క ఇంటి ముందు లారీ రాయి వద్దమ్మా. కారణం చెబుతాను. కెరటం వచ్చి రాయికి తగిలి వెనక్కి పోయేటప్పుడు రాయి పాదం దగ్గర ఇసుకని తవ్వుకుని పోతుంది. కింద గుడ్డ పొర, చిన్న కంకర పొర వేసి, ఆ పైన టన్నుల బరువున్న రాళ్ళు లెక్క ప్రకారం పేరిస్తేనే అది గోడ. ఊరికే పోస్తే ఇసుకలోకి కుంగిపోతాయి. పెద్ద తుపాను రానక్కర్లేదు. రెండు పక్కలా ఖాళీ ఉంటుంది కాబట్టి నీళ్ళు పక్క నుంచి తిరిగొచ్చి మీ గోడ వెనక మట్టినే లాక్కుపోతాయి. గోడ ఆగిన చోట పక్కింటి వాళ్ళ నేల ఇంకా తొందరగా కోసుకుపోతుంది, ఊళ్ళో పోట్లాట మిగులుతుంది. నాలుగు లక్షలు కళ్ళ ముందే మునుగుతాయి.

బీచ్ రోడ్డు కుర్రాడు

సార్, మీరు పెద్దవారు, కానీ గోడ వద్దంటే ఎలాగండీ? ఉప్పాడ ఈ మాత్రం నిలబడిందంటే ఇసుక నింపి ఒడ్డున పరిచిన పెద్ద గుడ్డ గొట్టం, అదే జియో ట్యూబ్, ఆ తర్వాత వేసిన రాళ్ళ వల్లే కదా. అవి లేకపోతే కాకినాడ బీచ్ రోడ్డు ఎప్పుడో పోయేది. 2024లో పిఠాపురం ఎమ్మెల్యేగా గెలిచాక పవన్ కల్యాణ్ గారు వచ్చి ఒడ్డు చూశారు. పెద్ద గోడ ప్రతిపాదన ఢిల్లీ దాకా వెళ్ళింది. ఈ టైములో ఊరు ఖాళీ చేస్తే "ఇక్కడ జనమే లేరు, గోడెందుకు" అంటారు. మా భయం అదండీ. అక్కా, మీరు ఒక్కరు కదిలితే మీ వెనక వరస ధైర్యం పోతుంది.

రిటైరైన నీటిపారుదల ఉద్యోగి

బాబూ, నేను వద్దన్నది ఒక్క ఇంటి గోడని. ఊరి మొత్తానికి సరైన డిజైనుతో కడితే కాలం గడుస్తుంది, రోడ్డు నిలుస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ జియో ట్యూబ్ 2010 ప్రాంతంలో వేసినప్పుడు కూడా ఇదే శాశ్వతం అన్నారు. చిరిగిపోయి ఇసుక కారిపోయింది. ప్రతి తుపానుకీ బీచ్ రోడ్డు తెగుతూనే ఉంది. పైగా ఎక్కడ గోడ ఆగిందో అక్కడి నుంచి పక్క ఊరికి కోత మొదలవుతుంది. పుదుచ్చేరిలో 1989 నాటి హార్బరు వల్ల ఊరి బీచ్ పోయింది. రాళ్ళు పోసుకుంటూ వెళ్తే కోత ఉత్తరాన తమిళ పల్లెలకి పాకింది. చివరికి సముద్రంలో మునిగి ఉండే అడ్డుకట్ట పెట్టి, ఇసుక పోశాకే 2018 తర్వాత అక్కడ కొంత బీచ్ తిరిగొచ్చింది. మీరు గోడతో పాటు ఇసుక కూడా అడగండి. కాకినాడ కాలువలో తవ్విన ఇసుక మా ఒడ్డున పొయ్యండని గ్రామసభలో తీర్మానం రాయించండి. అది అడగడానికి ఊరు ఊళ్ళోనే ఉండాలన్న మాట నిజమే. అయితే ముందు వరస ఇళ్ళల్లో చిన్నపిల్లల్ని పెట్టుకుని అడగనక్కర్లేదు.

పరిహారం గురించి గుంటమగ్గం గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. కేంద్రం జాబితాలో ఉన్న విపత్తుల్లో తుపాను, వరద, సునామీ ఉన్నాయి, తీరం కోత లేదు. అందుకే తుపానులో పూర్తిగా పోయిన ఇంటికి 2022-26 నాటి కేంద్రం లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు వచ్చేది, మామూలు పోటుకి పోయిన ఇంటికి అడిగే దిక్కుండదు. 15వ ఆర్థిక సంఘం మాత్రం 2021-26 కాలానికి కోత ఆపే పనులకి 1,500 కోట్లు, కోత వల్ల ఇళ్ళు పోయినవాళ్ళకి వేరే చోట ఇళ్ళివ్వడానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి విడిగా పెట్టింది. కోతని విడిగా లెక్కలోకి తీసుకోవాలన్న మాట అలా ఒకసారి ఒప్పుకున్నారు. రాష్ట్రం ప్రతిపాదన పంపితేనే ఇలాంటి డబ్బు వస్తుంది. ప్రతిపాదనలో మీ ఊరుండాలంటే కొలతలుండాలి. కరెంటు స్తంభం నుంచి ఒడ్డు అంచు దాకా టేపు పెట్టి, ప్రతి అమావాస్యకీ ఒకే చోట నిలబడి ఫోటో తీసి, తేదీ రాయించు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల బొమ్మలు కూడా కనబడతాయి. మీ ఇంటి ముందున్న రెండు వరసలూ అందులో దొరుకుతాయి, తీసి ప్రింటు వేయించు.

గంజాం తెలుగోడు

అక్కా, మాది ఒడిశాలో గంజాం జిల్లా, పొడంపేట. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు. మేం తెలుగు మాట్లాడే వేటగాళ్ళమే. మా పాత ఊరు సముద్రంలో కలిసిపోయింది. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, దాని తర్వాత మిగిలినది కూడా ఖాళీ అయింది. ప్రభుత్వం లోపల కాలనీ కట్టి ఇచ్చింది.

ఎలా ఉన్నారని అడిగారు కదా, చెబుతాను. రాత్రి నిద్ర పడుతుంది. అది చిన్న సంగతి కాదు, పాత ఊళ్ళో మా అమ్మ పోటు చప్పుడుకి లేచి కూర్చునేది. శ్లాబు గట్టిది, గాలికి భయం లేదు. కష్టం అంతా ఒడ్డు దూరమవడంలో ఉంది. వలలు, ఇంజను ఒడ్డున వదిలితే దొంగల భయం, రోజూ ఇంటికి మొయ్యాలంటే భుజాలు పోతాయి. చేపలు ఎండబెట్టుకోవడానికి కాలనీలో జాగా లేదు, ఇంటి ముందు ఎండేస్తే పక్కవాళ్ళు వాసనంటారు. మాకు తాబేళ్ళని కాపాడడం కోసం నవంబరు నుంచి మే దాకా వేట మీద ఆంక్షలు ఎలాగూ ఉన్నాయి, మిగిలిన నెలల్లోనే సంపాదించుకోవాలి. బోటు దిగిన వెంటనే ఒడ్డున లేకపోతే పాట అయిపోతుంది. మీ అమ్మగారి మాట అక్షరాలా నిజం. మా ఊళ్ళో చేపలమ్మే ఆడవాళ్ళు చాలామంది ఆ బేరం వదిలేసి కూలికి పోతున్నారు.

అందుకని నా సలహా ఒక్కటే. ఎంత లోపలికి అన్నది కిలోమీటర్లలో కొలవకండి, బుట్ట నెత్తిన పెట్టుకుని మీ అమ్మగారు నడవగలిగినంత దూరంలో కొలవండి. ఒక్కరు పోకండి, మీ వాళ్ళు నాలుగైదు ఇళ్ళు కలిసి ఒకేచోట చూసుకోండి. అప్పుడు ఆటో ఖర్చు పంచుకోవచ్చు, ఒడ్డున వలలకి కాపలా వంతులేసుకోవచ్చు. పాత ఇల్లు నిలిచినన్నాళ్ళు వల గదిగా, చేపలు ఎండబెట్టుకునే చోటుగా వాడుకోండి. రాత్రి మాత్రం ఎవరూ పడుకోవద్దు.

మాయాపట్నం ఆడపడుచు

అందరికీ దండాలండి. తమ్ముడికి ఫోన్‌లో ఇవన్నీ చదివి వినిపించాను. ఇంజనీరు గారు చెప్పిన, గోడ వెనక నుంచి నీళ్ళు తిరిగొచ్చే సంగతి వినగానే "అవును, ఆ కొసనున్న మావయ్యోళ్ళ ఇంటికి అదే అయ్యింది" అన్నాడు. రాళ్ళ మాట మానేశాడు. అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ గంజాం తమ్ముడి మాట, బుట్టతో నడిచే దూరం అన్నది, ఆవిడకి నచ్చింది. "అలాగైతే నేనే నడిచి చూసి చెప్తా" అంది. పాత ఇల్లు వల గదిగా ఉంచుకుందామంటే మొహం కాస్త తేరుకుంది.

బీచ్ రోడ్డు తమ్ముడూ, నీ భయం నాకూ ఉంది. ఊరి ఓట్లు, రేషన్ కార్డులు ఇక్కడే ఉంచుతాం. గ్రామసభకి ఇసుక అడిగే కాగితం నువ్వు రాయి, మా ఇంట్లో అందరూ సంతకం పెడతారు, నేను కూడా ఆ రోజుకి సెలవు పెట్టుకుని వస్తాను. కొలతల పని మా మేనల్లుడికి అప్పగించాను. ఎనిమిదో తరగతి చదువుతున్నాడు, టేపు పట్టుకుని స్తంభానికి రంగు కూడా వేశాడు.

ఇంకొక్క సందేహం. మావాళ్ళవి మూడిళ్ళు కలిసి చూస్తున్నాం. లోపల దొరికేవన్నీ డి-పట్టా భూములే అంటున్నారు, మధ్యవర్తి తెల్లకాగితం మీద రాసిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

రిటైరైన నీటిపారుదల ఉద్యోగి

తెల్లకాగితం మీద రూపాయి ఇవ్వకమ్మా. డి-పట్టా భూమి ప్రభుత్వం పేదలకి ఇచ్చినది, అమ్మకాల మీద చట్టం కట్టుబాట్లున్నాయి. రిజిస్ట్రేషన్ కాకుండా కొంటే రేపు అదీ చేజారిపోతుంది. సచివాలయంలో సర్వే నంబరు ఇచ్చి అడంగల్, అంటే భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు, తీయించు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించు. ఆ భూమి రిజిస్ట్రేషన్ చెయ్యకూడని నిషేధిత జాబితాలో లేదని చూసుకున్నాకే బయానా. రిజిస్ట్రేషన్ అమ్మ పేరునే పెట్టండి. మూడిళ్ళూ కలిసి ఇళ్ళస్థలాలకి తహసీల్దారుకి అర్జీ కూడా ఇవ్వండి, గుంటమగ్గం గారు చెప్పిన కాగితాలూ, మీ మేనల్లుడి కొలతలూ దానికి జతచేసి. రసీదు తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దు.

ఉప్పాడ గుంటమగ్గం

కొత్తపల్లి రోడ్డు వైపు రిజిస్ట్రేషన్ అయ్యే జిరాయితీ, అంటే సొంత హక్కున్న, ముక్కలు ఒకటి రెండున్నాయని మా పెదబాబు అంటున్నాడు. ఒడ్డు నుంచి అమ్మ నడవగలదో లేదో నువ్వే చూసుకోవాలి. వచ్చే ఆదివారం తమ్ముణ్ణి మా ఇంటికి పంపు, తీసుకెళ్ళి చూపిస్తాడు.